పై బోల్టు గారికి ఒక విన్నపం

శ్రీయుత పై బోల్టు గారి దివ్యసముఖమునకు,
గేర్ బాక్స్ కార్యాలయం, ఇంజను పక్కన, చీకట్లో.

అయ్యా,

మా ఊరి పైడితల్లమ్మ సిరిమానోత్సవం ముందు శనివారం నుంచి మంగళవారం దాకా మీ దర్శనం కోసం విజయనగరంలో మా పెరట్లో కారు కింద వెల్లకిలా పడి ఉన్నది నేనే. మీరు గుర్తుపట్టకపోయినా తప్పులేదు. మీకు తగిలింది నా ఎడమచేతి మూడు వేళ్లే.

అరకు నుంచి ఘాట్ దిగుతుంటే మా కారుకి రెండో గేరు నిలవడం మానేసింది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, టక్కున న్యూట్రల్‌లోకి వచ్చేస్తోంది. ఎస్.కోట దాకా మా ఆవిడ గేర్ రాడ్డుని పట్టుకునే కూర్చుంది. "పెళ్లిపీటల మీద మీ చెయ్యి కూడా ఇంత గట్టిగా పట్టుకోలేదండీ" అంది.

ఇంటికొచ్చి గేర్ ఆయిల్ దింపితే గంధకం వాసనతో నల్లగా కారింది. టార్చి వేసి చూస్తే అందులో బంగారు రజనులా తళతళలు. గేర్లు గొడవపడకుండా కలవడానికి మధ్యవర్తిత్వం చేసే సింక్రో రింగుల ఇత్తడి అది. మధ్యవర్తులే అరిగిపోయాక పళ్లు మాత్రం ఎన్నాళ్లుంటాయి? విశాఖలో పాత సామాన్ల కొట్లో సెకండ్‌హ్యాండ్ గేర్ బాక్స్ కొన్నాను. నేనే బిగించుకుంటే మెకానిక్ మజూరీ మిగులుతుందని లెక్కవేసి, ఆ మిగలబోయే డబ్బుతో స్పానర్లు కొన్నాను.

మీ కింది ఉద్యోగుల మీద నాకే ఫిర్యాదూ లేదు. బ్యాటరీ నెగెటివ్ వైరు, క్లచ్ కేబుల్, స్టార్టర్ మోటారు అడగ్గానే తప్పుకున్నాయి. డ్రైవ్ షాఫ్టులు కాస్త బెట్టు చేసి రెండు దెబ్బలకి వచ్చేశాయి. గేర్ బాక్స్‌ని ఇంజనుకి పట్టి ఉంచే బోల్టుల్లో మీరు తప్ప మిగతా అందరూ దిగారు. పొడుగులు వేరువేరు కనక వచ్చిన వరసలోనే అట్టముక్కకి గుచ్చిపెట్టుకున్నాను. తీరా చూస్తే ఫైలు మీ దగ్గర ఆగింది.

పైనుంచి వద్దామంటే గొట్టాలు అడ్డు. కిందనుంచి వద్దామంటే గేర్ బాక్సే అడ్డు. పక్కనుంచి చెయ్యి పడుతుంది గాని స్పానర్ పట్టదు. పట్టినా తిప్పడానికి చోటుండదు. మీరున్నారని వేలికి తెలుస్తుంది, కంటికి మాత్రం కనబడరు. దేవుడి గురించి మా అమ్మ చెప్పేదీ ఇదే.

1757లో బొబ్బిలి కోట అంతటిది ఒక్కరోజులో పడిపోయింది. (బొబ్బిలివాళ్లు ఏమీ అనుకోకండి. ఎదురుగా ఫ్రెంచి ఫిరంగులున్నాయి. నా దగ్గర పద్నాలుగో నంబరు స్పానర్ ఒక్కటే.) మీరు మూడు రోజులు కదల్లేదు. పండక్కి వచ్చిన చుట్టాలు రామతీర్థానికి ఆటోలో వెళ్లారు. మా అమ్మ వచ్చి, "ఏట్రా ఇది, పండగపూట కారు పేగులు తీసి పెరట్లో ఆరబెట్టావు?" అంది.

మంగళవారం సాయంత్రం ఊరంతా గుడికీ కోటకీ మధ్య ఉంది. అంతెత్తున సిరిమాను (పొడుగాటి చెట్టు మాను) కొసన కూర్చున్న పూజారి గారు కూడా మూడుసార్లు అటూ ఇటూ తిరిగి జనానికి కనబడతారు. మీకు ఆ పాటి దయ కూడా లేకపోయింది. సిరిమాను మీదకి జనం అరటిపళ్లు విసురుతారు. మీ మీదకి నేను స్పానర్ విసిరాను. క్షమించాలి.

ఆ చప్పుడుకి మా వీధి చివరి తాతగారు వచ్చారు. సాలూరులో లారీల కింద తలనెరిసిన మనిషి. వంగి కూడా చూడలేదు. "ఆ బోల్టు దగ్గరికి నువ్వెల్లకు బాబూ. ఇంజన్ని నాలుగు వేళ్ల మందం దించు, అదే కనబడతాది" అన్నారు. ఇంజను పడిపోకుండా అడ్డంగా ఇనపగొట్టం వేసి గొలుసుతో వేలాడదీసి ఉంచాను. గొలుసు రెండు లింకులు వదిలితే గేర్ బాక్స్ వైపు వాలింది. దాని మీదుగా పొడుగు ఎక్స్‌టెన్షన్ రాడ్డు తిన్నగా మీ దాకా వచ్చింది. కిర్రుమన్నారు. దిగారు. తలంతా తుప్పు, ఒంటికి మాత్రం కొత్త మెరుపు. ఏసీ గదిలో కూర్చున్నవాళ్ల ఒళ్లు ఇలాగే ఉంటుంది.

తర్వాత కథ మీకెందుకు గాని, ఒక్కటి చెప్పుకోవాలి. కొత్త క్లచ్ ప్లేటుని కంటి అంచనాతో మధ్యలో పెట్టి, గేర్ బాక్స్ ఎక్కడం లేదని బోల్టులతో బలవంతంగా లాగబోయాను. తాతగారు చెయ్యి పట్టుకుని ఆపారు. అలా లాగితే ప్లేటు వంగుతుందట, లేదా గేర్ బాక్స్ చెవి విరుగుతుందట. కర్రముక్కకి ఇన్సులేషన్ టేపు చుట్టి, షాఫ్టు దూరే కన్నంలో పెట్టి ప్లేటుని సరిచేస్తే, గేర్ బాక్స్ చప్పుడు లేకుండా లోపలికి జారింది. మిమ్మల్ని సగౌరవంగా మీ చీకటిగదిలో కూర్చోబెట్టాను. రెండో గేరు ఇప్పుడు వెన్నలా పడుతోంది.

అయితే క్లచ్ తొక్కినప్పుడల్లా కీచుమంటోంది.

నిన్న కిటికీ గూట్లో కొబ్బరినూనె సీసా వెనక చిన్న అట్టపెట్టె దొరికింది. క్లచ్ సెట్‌తో వచ్చిన కొత్త రిలీజ్ బేరింగు, క్లచ్ తొక్కినప్పుడు లోపల నొక్కేది. సెకండ్‌హ్యాండ్ గేర్ బాక్స్ తన పాత బేరింగుతోనే వచ్చింది, నేను దాన్నే ఎక్కించేశాను. ఇది వెయ్యాలంటే గేర్ బాక్స్ మళ్లీ దిగాలి.

కాబట్టి వచ్చే ఆదివారం ఉదయం తమరి దర్శనానికి మరొక్కసారి అనుమతి ఇప్పించవలసిందిగా ప్రార్థన. గొలుసు ముందే వదులు చేసి ఉంచుతాను.

ఇట్లు,
మీ మూడు వేళ్ల మనిషి