హమ్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ హమ్ గారి సముఖానికి,

రెండు ట్రాన్సిస్టర్లతో సొంతంగా కట్టుకున్న ఫోనో ప్రీయాంప్ (రికార్డు ప్లేయర్ ఇచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్) నాది. రికార్డు పెట్టినా పెట్టకపోయినా అందులో ‘గుయ్’మంటూ సాగే కచేరీ మాత్రం తమరిది. మీటరు పెట్టి చూశాను. మొదటి ట్రాన్సిస్టర్ బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య 0.6 వోల్టులు, రెండోదాని కలెక్టర్ దగ్గర సప్లైలో సగం. సర్క్యూట్ నిక్షేపంలా ఉంది. ఉన్న రోగమల్లా తమరే.

అసలు తమరికి జరిగే రాజమర్యాదలు చూస్తేనే ఒళ్లు మండుతుంది. రికార్డు గాడిలో నడిచే ముల్లున్న కార్ట్రిడ్జ్ ఇచ్చేదే ఓ 5 మిల్లీవోల్టులు. గాయకుడి గొంతు పలికే 1 కిలోహెర్ట్జ్ దగ్గర నా సర్క్యూట్ దాన్ని 100 రెట్లు పెంచుతుంది. ఇంటి కరెంటుతో పాటు పుట్టిన తమరి 50 హెర్ట్జ్ వచ్చేసరికి దాదాపు 700 రెట్లు! గాడి మరీ వెడల్పు కాకుండా రికార్డు కోసేటప్పుడే మంద్రస్వరాలను తగ్గిస్తారు కాబట్టి, వినేటప్పుడు తిరిగి పెంచాలని 1954లో ఖరారైన ఆర్‌ఐఏఏ కర్వ్ (ఏ స్వరాన్ని ఎంత పెంచాలో చెప్పే ప్రమాణం) చెబుతుంది. న్యాయమే. మృదంగానికి తీసిన తలుపులోంచి తమరు దూరారు.

పవర్ సప్లై పీకేసి 9 వోల్టుల బ్యాటరీ పెట్టాను. చలించలేదు. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ తాలూకు తమరి తమ్ముడు, ఆ 100 హెర్ట్జ్ వాడైతే పోయేవాడే. ప్రీయాంప్ ఇన్‌పుట్ షార్ట్ చేస్తే టక్కున నోరు మూశారు, తీయగానే మళ్లీ ఎత్తుకున్నారు. అంటే రాకపోకలన్నీ టర్న్‌టేబుల్ వైపు నుంచే. (మధ్యలో సన్నగా రేడియో వార్తలు కూడా వినపడేవి. బేస్ దగ్గర రేడియో తరంగాలను అడ్డుకునే ఒక ఫెరైట్ బీడ్ వేయగానే వెళ్లిపోయాయి. వాటికున్న పాటి అభిమానం తమరికి లేదు.)

అడిగినవాళ్లంతా ‘ఎర్త్ చెయ్యి’ అన్నారు. రెండుచోట్ల చేస్తే ఎర్త్ వైర్లే ఒక చుట్టుగా కలిసి గ్రౌండ్ లూప్ ఏర్పడి తమరు ఇంకా బలిశారు. ఒక్కచోటికి తెచ్చాక కాస్త చిక్కారు. పక్కనున్న యాంప్లిఫయర్‌ని దూరంగా జరిపితే మరికాస్త తగ్గారు. కార్ట్రిడ్జ్‌లోని కాయిల్ అమాయకురాలు. తన అయస్కాంతం ఏదో, యాంప్లిఫయర్‌లోని పరాయి ట్రాన్స్‌ఫార్మర్ ఏదో దానికేం తెలుసు?

ఇక మిగిలింది ఎడమ ఛానెల్. కార్ట్రిడ్జ్‌ని పట్టుకునే హెడ్‌షెల్‌లో నీలం వైరు ట్యాగ్ వదులైనట్టుంది, వేలు తగిలితే తమరి శ్రుతి మారుతోంది. ఈ రాత్రికే దాన్ని బిగిస్తున్నాను. అభ్యంతరాలేమైనా ఉంటే ఈలోగా తెలియజేయగలరు.

ఇట్లు,
తమరి నిర్బంధ శ్రోత