గిరీశం గారి కరుణకు ఒక సమర్థన

గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి రంగమెక్కింది మొదలు ఆ నాటకంలోని మాటకారి గిరీశం మీద ఒకే అభియోగం నడుస్తోంది. వితంతువుల కోసం కంటతడి పెట్టేవాడే ఒక వితంతువు సొమ్ము కాజేశాడు కనుక, ఆయన జాలికి నిలకడ లేదట. ఇది శుద్ధ అన్యాయం. ఆయన జాలి ఆద్యంతం ఒకే నియమానికి లోబడి నడిచింది: తాను బాకీ పడని వితంతువు ఎవరైనా సరే, ఆమె దుఃఖానికి గిరీశం హృదయం కరిగి తీరుతుంది.

సాక్ష్యానికి ఆయన ఇంగ్లీషులో కట్టిన వితంతువు పద్యమే చాలు. అందులోని అభాగ్యురాలు తెల్లవారుజామున నాలుగింటికే లేస్తుంది, నేలంతా ఊడుస్తుంది, ఊడ్చిన చెత్తను తలుపు వెనక పోగేస్తుంది. చీకట్లో ఒంటరిగా వంగి ఊడ్చే ఆ మనిషిని అంత దగ్గరగా చూసిన కళ్లను శంకించడం సబబేనా? ఆ చెత్తను ఎత్తి బయట పారబోయకుండా తలుపు చాటునే ఎందుకు ఉంచిందని మాత్రం అడగకూడదు. ప్రాస కుదరాలి కదా.

ఇక పూటకూళ్లమ్మ సంగతి. ఆమే వితంతువే, నలుగురికీ వండి వడ్డించి బతికే మనిషే, గిరీశానికీ అన్నం పెట్టిందే. సంతలో సామాను కొనిపెడతానని ఆమె దగ్గర ఇరవై రూపాయలు పుచ్చుకుని నాట్యకత్తెల పాలు చేయడంతో, పై నియమం ప్రకారమే ఆమె కరుణ పరిధి దాటి బయటికి వెళ్లిపోయింది. పైగా ఆమె చేతిలోనూ చీపురే ఉంది గాని, అది పద్యంలో లాగా నేల మీద ఆడలేదు. వేశ్య మధురవాణి ఇంట్లో మంచం కింద దాక్కున్న కవిగారిని వెతుక్కుంటూ వచ్చింది. కవిగారు తప్పించుకున్నారు, మధురవాణి కోసం వచ్చి అక్కడే నక్కి ఉన్న రామప్పంతులు ఆ దెబ్బ తిన్నాడు. పరుల బాధను ఇంత నేర్పుగా పరులకే వదిలిపెట్టినవాడు మన సాహిత్యంలో మరొకడు లేడు.

నాటకం 1897లో అచ్చయినప్పుడు పీఠికలో గురజాడ ఒక జాబితా ప్రస్తావించారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన 1034 కన్యాశుల్క వివాహాలు, అంటే డబ్బు పుచ్చుకుని ఆడపిల్లను ఇచ్చిన పెళ్లిళ్లు, అందులో ఉన్నాయి, ఏడాది వయసు పెళ్లికూతుళ్లు ముగ్గురితో సహా. గిరీశం జాలి ఇలాంటి లెక్కల జోలికి పోదు. లెక్క పెట్టడం మొదలుపెడితే ఇరవై దగ్గర ఆగవలసి వస్తుందని ఆయనకు తెలుసు.

బాలవితంతువు బుచ్చమ్మ విషయంలో మాత్రం ఆ హృదయం నిజంగానే కరిగిందేమోనని, నిజం చెప్పొద్దూ, నాకూ ఒక్కోసారి అనిపిస్తుంది. ఆమె చిన్నది, అమాయకురాలు, అగ్రహారంలో ఆమె గోడు విన్నవాడు ఈయనొక్కడే. ఆమె భూముల కోసం తండ్రి దావా నడుపుతుండటం కేవలం యాదృచ్ఛికం అనుకుందాం. కాని సంస్కర్త అయిన వకీలు సౌజన్యారావు పంతులు బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలని నిశ్చయించిన క్షణాన, ఇంతకాలం ఆమె కష్టం గురించి ఉపన్యాసాలు దంచిన ఆ నోటి నుంచి వచ్చిన ఆఖరి మాట, కథ తనకు అడ్డంగా తిరిగిందని. బుచ్చమ్మ పేరు అందులో లేదు.