ఇద్దరి మధ్య మాటకు ఇంటిల్లిపాదీ తీర్పరులా?

విశాఖ పాత నగరంలో, దర్గా కొండకు దగ్గరలోనే మా బంధువుల ఇల్లు. అలిగి పుట్టింటికి వెళ్లిన భార్యకు ఆ ఇంటి అబ్బాయి ఫోను చేసి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. చుట్టూ తల్లి, అక్క, మేనమామ. ‘పక్కన ఎవరైనా ఉన్నారా?’ అని ఆమె అడిగింది. లేరన్నాడు. ఆమె ఏడుస్తూ చెప్పుకున్నదంతా అందరం విన్నాం. లేచి వెళ్లిపోనందుకు నేనూ తప్పు చేసినట్టే.

భార్యాభర్తలు ఒకరికొకరు వస్త్రాలని ఖురాన్ అంటుంది (2:187). కప్పవలసిన వాడే ఆ రోజు ఆమెను నలుగురిలో నిలబెట్టాడు.

పెద్దలు కల్పించుకోకూడదని కాదు. కాపురం చీలుతుందన్న భయం కలిగితే అతని వైపు నుంచి ఒకరిని, ఆమె వైపు నుంచి ఒకరిని మధ్యవర్తులుగా పెట్టమని ఖురాన్ 4:35 ఆయత్ (వాక్యం) చెబుతోంది. చెరొకరు, అంతే. ఆమె తరఫు మనిషే లేకుండా అత్తవారింటి హాల్లో జరిగేది రాజీ ఎలా అవుతుంది?

చూపు దించుకోమన్న ఆదేశం కూడా 24:30లో ముందు మగవారికే వచ్చింది, ఆ తర్వాతి ఆయత్‌లో ఆడవారికి. మన ఇళ్లలో రెండోదే వినిపిస్తుంది. కోపం వస్తే నిలబడ్డవాడు కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని ప్రవక్త చెప్పారు. ఒక్కసారి కూర్చుని ఉంటే ఎన్ని తలాక్‌లు నోటి దాకా వచ్చి ఆగిపోయేవో! మూడుసార్లు ఒకేసారి అనేసే ఆ తలాక్‌ను 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2019 చట్టం దానికి మూడేళ్ల వరకు జైలు శిక్ష పెట్టింది.

కప్పడమంటే దెబ్బలు దాచడం కాదు. ఇంటి గుట్టు పేరుతో ఆడపిల్లను హింసలోకి తిరిగి పంపే పెద్దలను నేను క్షమించలేను. క్రూరత్వం కారణంగా విడాకులు కోరే హక్కు ముస్లిం భార్యకు 1939 చట్టంలోనే ఉంది.

ఆ ఇంట్లో చివరికి అబ్బాయి బాబాయి, అమ్మాయి మేనమామ మాత్రమే కూర్చుని మాట్లాడారు. ఆమె నగలు అడగలేదు, వేరు కాపురమూ అడగలేదు. తనతో మాట్లాడేటప్పుడు గదిలో ఇంకెవరున్నా ముందే చెప్పాలంది. అబ్బాయి తల వంచుకుని ఒప్పుకున్నాడు.