గిన్నె చప్పుడికి తిరిగితే చెవి బాగున్నట్టేనా?

విశాఖపట్నం గాజువాకలో పక్కపక్క వాటాల వాళ్ళు. రాఘవరావు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. సునీత స్పీచ్ థెరపిస్టు. ఆయన మనవడికి 26 నెలలు. 34 వారాలకే పుట్టి 9 రోజులు ఎన్‌ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో, ఉన్నాడు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు, ఇంకా "అమ్మ" అనడం లేదు. డాక్టరుకి చూపిద్దామని కోడలు, మూడేళ్ళు నిండనిమ్మని మావగారు. ఆయనకి ఎదురు చెప్పలేక కోడలు ఊరుకుంటే సునీత అందుకుంది.

రాఘవరావు: మగపిల్లలకి మాట ఆలస్యం అమ్మాయ్. వీళ్ళ నాన్న మూడేళ్ళకి గాని నోరు విప్పలేదు. పైగా మా గుంటడు ఎనిమిదో నెలలో పుట్టాడు. ఆ లెక్క తీసెయ్యొద్దా?

సునీత: తీసేద్దాం బాబాయ్. 34 వారాలంటే ఆరు వారాలు ముందు. 26 నెలల్లోంచి నెలన్నర పోతే ఇరవై నాలుగున్నర. ఆ వయసుకి "అమ్మా దా", "పాలు ఇయ్యి" అని రెండేసి మాటలు కలపాలి. వీడికి ఒక్కటీ లేదు. ఆ తీసివేత కూడా రెండేళ్ళ వరకే చేస్తారు.

రాఘవరావు: మాట లేదు గాని తెలివికి లోటు లేదు. ఫోన్లో వాడి పాట వాడే పెట్టుకుంటాడు.

సునీత: తెలివి సంగతి నేనెత్తలేదు. ఆలస్యంగా మాట్లాడే పిల్లల్లో చాలామంది తర్వాత అందుకుంటారు, మీ అబ్బాయిలాగే. కానీ వాళ్ళకి తక్కువైంది మాట ఒక్కటే. కాకిని వేలితో చూపించి మన మొహంకేసి చూస్తారు. "చెప్పులు తే" అంటే తెస్తారు. ఖాళీ గ్లాసుతో బొమ్మకి పాలు పడతారు. మీ అబ్బాయి రెండేళ్ళప్పుడు వేలు పెట్టి చూపించేవాడా?

రాఘవరావు: ఎందుకు చూపించడు? రైలు కనబడితే చాలు, వేలు చాపి ఊఁ ఊఁ అనేవాడు.

సునీత: మరి వీడు?

రాఘవరావు: చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు. అదీ చూపించడమే కదా.

సునీత: వాడు మీ చేతిని తీసుకెళ్తున్నాడు, మీ మొహం చూడటం లేదు. బిస్కట్టు అందుకోడానికి చెయ్యి కావాలి. "తాతా, చూడు" అనాలంటే తాత కావాలి. ఆ తేడా చూడమంటున్నాను.

రాఘవరావు: చెవుడని మాత్రం అనకు. మొన్న వంటింట్లో గిన్నె పడితే ఉలిక్కిపడ్డాడు. టీవీలో ప్రకటన వస్తే పక్కగదిలోంచి పరిగెత్తుకొస్తాడు.

సునీత: అందరూ అక్కడే మోసపోతారు. గిన్నె చప్పుడు పెద్దది, అదురు కూడా తెలుస్తుంది. లావు శబ్దాలు బాగా విని, స, ష, త, క లాంటి సన్నటి శబ్దాలు అందని పిల్లలు ఉంటారు. వాళ్ళకి తలుపు చప్పుడు, డప్పు వినబడతాయి. మాట మాత్రం ముక్కలుగా చేరుతుంది. అలా విన్నదాన్ని ఎలా తిరిగి పలుకుతారు? అందుకే మాట రాని పిల్లవాడు ఎవరైనా సరే, మొదటి పరీక్ష చెవికే. ఓఏఈ అని చెవిలో చిన్న గొట్టం పెట్టి రెండు నిమిషాల్లో చేసేది ఒకటుంది. వీడు ఎన్‌ఐసీయూలో ఉన్నాడు గనక అది పాసైనా చాలదు. చెవి లోపల బాగుండి, కబురు మోసే నరం దగ్గర తేడా ఉంటే ఓఏఈ పట్టలేదు. బెరా చెయ్యాలి. నుదుటిమీద, చెవుల వెనక తీగలు అంటించి, నిద్రలో ఉండగా టిక్కు టిక్కుమని శబ్దాలు వినిపించి మెదడు దాకా చేరిందో లేదో చూస్తారు. కదిలితే చెడుతుంది. జలుబు చేసి చెవిలో నీరు చేరి ఉన్నా లెక్క తప్పొస్తుంది, ముక్కు కారుతుంటే తేదీ మార్చుకోవాలి.

రాఘవరావు: ఈ తీగలు లేని రోజుల్లో వస ఉండేది. కొమ్ము కాల్చి, సాన మీద అరగదీసి, తేనెలో రంగరించి నాలిక్కి రాసేది మా అమ్మ. మీ పిన్ని రాస్తానంటే కోడలు వద్దంది.

సునీత: మంచి పని చేసింది. వసలో బీటా ఆసరోన్ అని ఒకటుంది. ఎక్కువైతే పిల్లలకి వాంతులు పట్టుకుంటాయి. అమెరికాలో 1968లోనే తిండిలో కలపకూడదని నిషేధించారు.

రాఘవరావు: అమెరికావాడికి వస సంగతి ఏటి తెలుసమ్మా? మా ఇంట్లో తొమ్మిదిమందికి రాశారు. తొమ్మిదిమందీ వసపిట్టలే.

సునీత: రాయని ఇళ్ళల్లోనూ మాట్లాడారు కదా.

రాఘవరావు: అయితే మా అమ్మ తెలివితక్కువదంటావు.

సునీత: అయ్యో, ఎంతమాట! ఆవిడ దగ్గర అప్పుడున్నది ఆవిడ చేసింది.

రాఘవరావు: పోనీ నాలిక కింద పొర కోయిస్తేనో?

సునీత: పొర బిగిస్తే ల, ర తిరగవు. అసలు మాటే రాకపోవడం దానివల్ల కాదు.

రాఘవరావు: సరే, నేనూ ఒకటి చెప్తాను, విను. మా స్నేహితుడి మనవరాలిని ఇలాగే తీసుకెళ్ళారు. పది నిమిషాలు చూసి ఆటిజం అని చీటీ రాసిచ్చారు. వారానికి అయిదు సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలు. తల్లిని బయట కుర్చీలో కూర్చోబెట్టి తలుపేసేవారు. లోపల ఏం చేశారో ఎవరికీ తెల్దు. తల్లి ఉద్యోగం మానేసింది, మెడలో గొలుసు పోయింది. ఆఖరికి ఒకడొచ్చి మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఎక్కిస్తే తగ్గుతుందన్నాడు. చుట్టాల్లో మాత్రం ఆ పిల్ల పేరు పోయింది, "ఆ రోగం పిల్ల" అయిపోయింది. ఈ ఊళ్ళో ఎవడినైనా వెక్కిరించాలంటే చినవాల్తేరు పిచ్చాసుపత్రికి పంపాలంటారు కదా. ఆ మాట మా గుంటడి మీద పడితే తుడిచేదెవరు, నువ్వా?

సునీత: తుడవలేను. మీరు చెప్పిన వాటిలో ఒక్కదాన్నీ కాదనను. అందుకే ఎక్కడికి, ఎలా వెళ్ళాలో చెప్తున్నాను. చినవాల్తేరు అక్కర్లేదు. ఇది పిల్లల డాక్టరు చూసే విషయం. కేజీహెచ్, అదే మన పెద్దాసుపత్రి, పిల్లల ఓపీలో చూపించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని పిల్లల ఆరోగ్యానికి సర్కారు పథకం 2013లో మొదలైంది. దాని బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు రావాలి, అనుమానం ఉన్నవాళ్ళని జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి రాసి పంపాలి. అక్కడ డబ్బు అడగరు. పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు పట్టుకెళ్ళండి. వీడు ఆడుకుంటున్నప్పుడు, పేరు పెట్టి పిలిచినప్పుడు రెండు నిమిషాల వీడియోలు తీసి ఉంచండి. ఆసుపత్రిలో ఏడుపు తప్ప ఇంకేమీ కనబడదు. తల చుట్టుకొలత, థైరాయిడ్, రక్తం చూడాలి. ఆ ఇరవై ప్రశ్నల కాగితం ఉందే, ఎంచాట్, అది 16 నుంచి 30 నెలల పిల్లలకి వేసే జల్లెడ మాత్రమే. దాన్నిబట్టే ఆటిజం అని రాసేస్తే లేచి వచ్చెయ్యండి. స్పీచ్ థెరపిస్టుని, అంటే నాలాంటిదాన్ని, ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి, ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. తలుపేసి తల్లిని రానివ్వని చోట డబ్బు కట్టకండి. మూలకణాల వైద్యం ఆటిజానికి పనికొస్తుందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో ఎక్కడా లేదు. ఇక వైకల్యం ఉందనే సర్టిఫికెట్ అంటారా, మీరు దరఖాస్తు పెడితేనే వస్తుంది. పరీక్ష చేయించినంత మాత్రాన ఎవరూ ఇంటికి తెచ్చివ్వరు.

రాఘవరావు: డబ్బు లేదంటావు, రోజు పోదూ? కూలికెళ్ళేవాడు వారానికి మూడుసార్లు గాజువాక నుంచి కేజీహెచ్‌కి పిల్లాణ్ణి ఎలా మొయ్యగలడు?

సునీత: మొయ్యలేడు. దానికి నా దగ్గర తిన్నని జవాబు లేదు. వారానికొకసారి వచ్చి, తల్లి నేర్చుకుని, మిగతా ఆరు రోజులూ ఇంట్లో చేసుకోవడమే. వీడి సంగతి తీసుకోండి. వాడు చెయ్యి లాగగానే మీరు లేచి ఇచ్చేస్తున్నారు. ఇవ్వకండి. మూత బిగించిన గాజు డబ్బాలో బిస్కట్టు ముక్క వేసి వాడి ముందు పెట్టండి. తెరవలేక మీ చేతికిస్తాడు. మీరు నేల మీద కూర్చుని, డబ్బాని మీ చెంప పక్కన పట్టుకుని, "తియ్యి" అని ఒక్కసారే అనండి. మనసులో పది లెక్కపెట్టండి. మధ్యలో మాట్లాడకండి, చాలామంది అక్కడే పాడుచేస్తారు. మీ కళ్ళల్లోకి చూసినా, "త" అన్నా, చిన్న కూత వేసినా వెంటనే మూత తియ్యండి. ఏడుపు దాకా లాగకండి. చిన్న చిన్న ముక్కలు చెయ్యండి, పూటకి పదిసార్లు ఆడించొచ్చు. ఆడిస్తున్నంతసేపూ ఫోన్ కనబడకూడదు.

రాఘవరావు: ఫోన్ ఇస్తున్నది నేనే. నావల్లే వచ్చిందంటావా?

సునీత: మీవల్ల రాలేదు బాబాయ్. ఫోన్ వల్ల ఆటిజం రాదు. కానీ అది పాడుతూనే ఉంటుంది, వీడి జవాబు కోసం ఆగదు. మీరైతే ఆగగలరు.

రాఘవరావు: ...చెవి వరకు చూపిస్తాను. మిగతాది దాని తర్వాత మాట్లాడదాం.

సునీత: చాలు. బెరాకి తేదీ ఇస్తారు. ఆ రోజు పొద్దున్న నాలుగింటికే లేపండి, బస్సులో కునుకు పట్టనివ్వకండి, అక్కడికెళ్ళాకే నిద్రపోవాలి. అయినా పడుకోకపోతే మందు సంగతి డాక్టరే చూస్తారు, మీరు ఇంటి దగ్గర ఏదీ పట్టకండి.

రాఘవరావు: ముందురోజు శుభ్రంగా నూనె పెట్టి తలంటి పంపిస్తాం.

సునీత: తలంటండి. నూనె మాత్రం వద్దు బాబాయ్, తీగలు అంటుకోవు.