ఇటుకలోంచి మొలిచే తీగ

రెండో వరల్డ్, మొదటి లెవెల్. తొమ్మిదేళ్ల మా అమ్మాయి సోఫా అంచున కూర్చుని సూపర్ మారియో బ్రదర్స్ అనే పాత వీడియో గేమ్ ఆడుతోంది. నేను పక్కన కూర్చుని చూస్తున్నాను. మారియో ఒక ఇటుకల వరుస కింద నిలబడ్డాడు. దగ్గరలో శత్రువులెవరూ లేరు. ఏమీ తోచక ఎగిరి ఒక ఇటుకను తలతో కొట్టింది, దాని పక్కదాన్నీ కొట్టింది. మరొకటి కొట్టేసరికి అందులోంచి ఆకుపచ్చటి తీగ బయటికి వచ్చింది. నిదానంగా, ఎక్కడా ఆగకుండా, తెర పై అంచును దాటేదాకా పెరుగుతూ పోయింది. పుట్టగొడుగు వచ్చేటప్పుడు వినిపించే సాగుడు స్వరం లాంటిదే అప్పుడూ వినిపిస్తుంది, కాకపోతే ఇంకా ఎక్కువసేపు. అమ్మాయి చేతులు బటన్ల మీద ఆగిపోయాయి.

"అమ్మా, ఇది ఎక్కడిదాకా పోతుంది?"

పోయి చూడమన్నాను.

మారియో ఆటల గురించి మాట్లాడేవాళ్లు పుట్టగొడుగును తలుస్తారు, నక్షత్రాన్ని తలుస్తారు, పైపులను, తాబేళ్లను తలుస్తారు. తీగను తలచేవాళ్లు తక్కువ. నా దృష్టిలో ఈ ఆటల వరుసలో ఉన్న వస్తువులన్నింటిలోనూ గొప్ప ఆలోచన ఆ తీగే. ఈమధ్య వచ్చిన ఆటల్లో దాన్ని పలచన చేశారన్న బాధ కూడా నాకుంది. ఈ రెండు మాటలూ చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తీగకు ముందు నిచ్చెన ఉండేది. 1981లో వచ్చిన డాంకీ కాంగ్ అనే ఆటలో హీరో మారియో ఇనుప దూలాల మీద పరుగెత్తి, నిచ్చెనలెక్కి పైకి చేరాలి. ఆ నిచ్చెనల్లో కొన్ని విరిగిపోయి ఉంటాయి. మరుసటి ఏడు వచ్చిన డాంకీ కాంగ్ జూనియర్‌లో కథ తిరగబడింది. ఈసారి మారియో కొరడా పట్టుకున్న విలన్, డాంకీ కాంగ్ అనే పెద్ద కోతి అతని బోనులో ఉంది, తండ్రిని విడిపించడానికి పిల్లకోతి బయలుదేరుతుంది. పిల్లకోతికి నిచ్చెనలు ఎందుకు? తీగలు వేలాడదీశారు. ఆ తీగల్లో ఒక కిటుకు ఉంది. చెరో చేత్తో చెరో తీగ పట్టుకుంటే పిల్లకోతి చకచకా పైకి పాకుతుంది. దిగాలంటే ఒకే తీగ పట్టుకోవాలి, అప్పుడు సర్రున జారుతుంది. ఎక్కడానికి రెండు, దిగడానికి ఒకటి. ఎవరూ నేర్పనక్కరలేదు, రెండుసార్లు ఆడేసరికి వేళ్లకే తెలిసిపోతుంది. నిచ్చెన మీద ఎక్కడం అంటే ఒక మెట్టు తర్వాత మరో మెట్టు, అంతే. తీగ మీద చేతులకు పని ఉంటుంది, ఒంటి బరువు తెలుస్తుంది. పాకడం అన్న మాటకు అర్థం మొదట దొరికింది ఆ ఆటలోనే అనిపిస్తుంది నాకు.

1985 సెప్టెంబరు 13న జపాన్‌లో విడుదలైన సూపర్ మారియో బ్రదర్స్‌లో తీగకు వేరే అవసరం వచ్చింది. ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. ఎనిమిది వరల్డ్‌లు, వరల్డ్‌కు నాలుగు చొప్పున 32 లెవెళ్లు, అన్నీ అందులోనే ఇమడాలి. తెర కుడివైపుకే జరుగుతుంది. వెనక్కి జరగదు, పైకి అసలే జరగదు. మారియో ఎంత ఎత్తుకు ఎగిరినా తెర అతని వెంట రాదు. అంటే ఆ లోకానికి పొడుగే కాని ఎత్తు లేదు. తలపైన ఆకాశం బొమ్మగా ఉంది, చేరే దారి మాత్రం లేదు.

ఆటను రూపొందించిన షిగెరు మియమొతో, తకాషి తెజుకాల బృందం ఆ దారిని ఒక ఇటుకలో దాచింది. తీగ తెర పై అంచును దాటిపోతుంది, మారియో దాన్ని పట్టుకుని ఎగబాకుతాడు, తెర మారుతుంది. కొత్త తెరలో కింది అంచు నుంచి అదే తీగ పైకి వస్తుంది, దానితోపాటు మారియో. చూసేవారికి తీగ తెగిన చోటు కనబడదు. ఒకే తీగ ఒక లోకంలో వేరూని మరో లోకంలో చిగురు వేసినట్టుంటుంది. తెర పైకి జరగని యంత్రం మీద ఎత్తును ఇలా నమ్మించారు. ఇంతకన్నా పొదుపైన ఉపాయం నేను ఇంకే ఆటలోనూ చూడలేదు.

పైన ఏముంది? మబ్బుల నేల, వరుసలు వరుసలుగా బంగారు నాణేలు. మారియో కాలు పెట్టగానే కదిలే ఒక మబ్బు తునక. దాని మీద నిలబడి నాణేలు ఏరుకుంటూ పోవడమే. శత్రువులు లేరు. చివర మబ్బు అంచు దాటి పడితే మళ్లీ కింది లెవెల్లోకి, వదిలిన చోటుకంటే కాస్త ముందుకు చేరతాడు. పడితే ప్రాణం పోయే ఆటలో, పడినా ఏమీ కాని చోటు అది. 2-1లో, అంటే రెండో వరల్డ్ మొదటి లెవెల్లో ఉంది, 3-1లో ఉంది, 5-2లో, 6-2లో ఉంది. ఆ ఇటుకను కొట్టకుండా పోయినా ఆట ఏమీ అనదు. లెవెల్ పూర్తవుతుంది, జెండా దిగుతుంది, ఏదో పోగొట్టుకున్నామని కూడా తెలియదు.

4-2లో తీగ సంగతి వేరు. భూగర్భంలో ఒక ఇటుకలోంచి అది మొలుస్తుంది. దాన్ని అందుకోవాలంటే దగ్గరలో కంటికి కనబడని బ్లాకులను తలతో తాకి, అవి బయటపడ్డాక మెట్లుగా వాడుకోవాలి. ఎక్కితే మూడు పైపులున్న వార్ప్ జోన్. ఆరో వరల్డ్‌కో, ఏడుకో, ఎనిమిదికో నేరుగా పోవచ్చు. తీగ లాగితే డొంకంతా కదిలిందంటారే, అచ్చం అలాగే ఇక్కడ ఒక్క తీగకు సగం ఆట కదిలిపోతుంది.

ఈ 4-2 తీగ దగ్గరే నాకు ఎంతో ఇష్టమైన విశేషం ఒకటుంది. ఆటను వీలైనంత తక్కువ సమయంలో ముగించడానికి పోటీపడే స్పీడ్‌రన్నర్లలో, దీన్ని 4 నిమిషాల 55 సెకన్లలోపే ముగించినవాళ్లు ఉన్నారు. వాళ్లు వార్ప్ జోన్‌కు పోతారు, తీగ మాత్రం ఎక్కరు. ఎక్కే సమయం దండగ అని. మరి ఎలా పోతారు? ఆట తన జ్ఞాపకంలో ఒకే ఒక్క గమ్యాన్ని ఉంచుకుంటుంది. తెర జరుగుతున్న కొద్దీ ఆ గమ్యం మారుతూ ఉంటుంది. తీగ ఉన్న భాగంలో అది వార్ప్ జోన్, కొంత ముందుకు పోయాక ఒక పైపు కోసం నాణేల గది. స్పీడ్‌రన్నర్లు బ్లాకులకు ఒడుపుగా ఒరుసుకుని, తెర జరగాల్సినంత జరగకుండానే మారియోను ముందుకు తెస్తారు. అలా పైపులో దిగితే ఆట ఇంకా తీగ గమ్యాన్నే పట్టుకుని ఉంటుంది. పైపులో దిగిన మనిషి ఆకాశంలో తేలతాడు.

దీన్ని గడుసుతనంగా మాత్రమే చూసేవాళ్లున్నారు. నాకు ఇందులో ఇంకొకటి కనిపిస్తుంది. యంత్రానికి తీగా పైపూ ఒకటే. రెండూ ఒక అంకె నుంచి మరో అంకెకు పోయే దారులు. మరి అక్కడ మరో పైపు పెట్టి ఊరుకోవచ్చు కదా, ఎందుకు మొక్కను గీశారు? ఎందుకంటే ఆడేది యంత్రం కాదు. పైపులో దిగడమంటే మింగబడటం. బటన్ నొక్కి చూస్తూ ఉండాల్సిందే. తీగ మీద మారియో కదలాలంటే మన బొటనవేలు పై మీటను నొక్కి ఉంచాలి. వదిలితే ఆగుతాడు. భయం వేస్తే దిగవచ్చు, మనసు మారితే దూకవచ్చు. పైకి పోతున్నామన్న సంగతి వేలికి తెలుస్తుంది. ఆ తేడా 40 కిలోబైట్లలో ఎక్కడా రాసి లేదు.

నిజమైన తీగ ఇంత ధైర్యంగా పెరగదు. దానికి ఆసరా కావాలి, పందిరో గుంజో చెట్టో దొరకాలి. ఎగబాకే మొక్కల కదలికలను ఏళ్ల తరబడి గమనించిన చార్లెస్ డార్విన్, హాప్ తీగ కొస గాలిలో గుండ్రంగా తిరుగుతూ ఆసరా వెతుక్కుంటుందని, ఒక చుట్టు తిరగడానికి సగటున 2 గంటల 8 నిమిషాలు పడుతుందని లెక్కగట్టాడు. అంత ఓపికగా తడుముకునే ప్రాణి అది. ఇటుకలోంచి వచ్చే తీగ దేన్నీ తడమదు. ఏ ఆసరా లేకుండా నిట్టనిలువుగా పోతుంది, పైగా తానే ఒకరికి ఆసరా అవుతుంది. వృక్షశాస్త్రం ఒప్పుకోకపోయినా పిల్లల మనసు వెంటనే ఒప్పుకుంటుంది. అదే ఆటలో పైపులోంచి తల ఎత్తే మొక్క కరుస్తుంది కూడా. ఒకే లోకంలో కరిచే మొక్కను, ఎత్తుకునే మొక్కను పక్కపక్కన పెట్టిన తీరు నాకెంతో నచ్చుతుంది.

తర్వాతి ఆటల్లోనూ తీగ కొనసాగింది. 1988లో అమెరికాలో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ 2లో తీగల మీద ఎర్రటి ఆరుద్ర పురుగుల్లాంటివి పైకీ కిందికీ తిరుగుతుంటాయి. వాటి వీపు మీద నిలబడి స్వారీ చేయవచ్చు. అక్కడ తీగ రహస్యం కాదు, రద్దీగా ఉండే బాట. అదీ బాగానే ఉంటుంది. నా మనసు దోచింది మాత్రం 1990 నాటి సూపర్ మారియో వరల్డ్. అందులో యోషీ అనే డైనోసార్ దొరుకుతుంది. దాని మీదెక్కితే బలం, ధైర్యం. కానీ యోషీ మీద కూర్చుని తీగ ఎక్కడం కుదరదు. దిగాలి. పాపం, అది కింద నిలబడి ఉంటుంది, మనం వట్టి చేతులతో పైకి పోతాం. పైన ఏముందో తెలియదు, కింద ఉన్నది ఎంత ముద్దుదో తెలుసు. ఎక్కాలా వద్దా అని నేను చాలాసార్లు అలా నిలబడిపోయాను. ఒక మొక్క ఆడేవారిని అంత ఆలోచనలో పడేసిందంటే దాన్ని అమర్చినవారికి దండం పెట్టాలి.

ఇప్పుడు నా ఫిర్యాదుకు వస్తాను. 2007 నాటి సూపర్ మారియో గెలాక్సీలో ఒక రకం మొలకలున్నాయి. వాటి దగ్గర గిర్రున తిరిగితే తీగ మెలికలు తిరుగుతూ అంతరిక్షంలోకి లేస్తుంది, మారియో దాన్ని పట్టుకుని జారిపోయి మరో గ్రహం వైపు విసిరినట్టు ఎగురుతాడు. అందంలో వంక పెట్టలేను, మొదటిసారి చూసినప్పుడు నోరు తెరుచుకునే చూశాను. కానీ ఆ ప్రయాణంలో మన వేలికి పని లేదు. ఒక్కసారి కదిలించామంటే మిగతాదంతా తీగే చూసుకుంటుంది. 2023 నాటి సూపర్ మారియో బ్రదర్స్ వండర్‌లో ఒక బ్యాడ్జి పెట్టుకుంటే మారియో చేతిలోంచే తీగ దూసుకుపోయి గోడను పట్టుకుంటుంది, అతన్ని లాగేసుకుంటుంది. అక్కడ తీగ పనిముట్టయింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు విసరవచ్చు. ఎక్కడో దాగి ఉండి, మనం తట్టినప్పుడు మాత్రమే మొలిచే ప్రాణం కాస్తా జేబులో పెట్టుకునే తాడయిపోయింది.

వేగం కావాలి, విసుగు పుట్టకూడదు అని ఆటలు తయారుచేసేవారు అనుకోవడంలో తప్పు లేదు. తీగ ఎక్కే ఆ కొద్ది క్షణాల్లో మారియో ఏమీ సాధించడు, నిజమే. శత్రువును తొక్కడు, నాణెం తీయడు. కానీ పైన ఏముంటుందో అన్న ఊహకు చోటు ఆ క్షణాల్లోనే ఉంది. దాన్ని తీసేస్తే మిగిలేది రవాణా. మొక్కకు కాలం కావాలన్న సంగతి ఈ ఆటలు తయారుచేసే నింటెండో సంస్థ మరిచిపోలేదని 2017 నాటి సూపర్ మారియో ఒడిస్సీ చూస్తే తెలుస్తుంది. అందులో ఎడారి రాజ్యంలో విత్తనాలు తెచ్చి కుండీల్లో వేయాలి, అవి పెరిగేదాకా వేరే పనులు చూసుకుని రావాలి. అంత ఓపికను ఆడేవారి నుంచి ఆశించగలిగినవారు, తీగ దగ్గర మాత్రం ఎందుకు తొందరపడతారు?

2015లో వచ్చిన సూపర్ మారియో మేకర్‌లో ఎవరి లెవెల్ వారే కట్టుకోవచ్చు. తీగను గాలిలో వేలాడదీయవచ్చు, బ్లాకులో దాచవచ్చు. మా అమ్మాయి కట్టిన మొదటి లెవెల్లో మూడు తీగలు పెట్టింది, వాటిలో రెండింటి పక్కన పైకి చూపే బాణం గుర్తులు కూడా పెట్టింది. ఎవరూ చూడకుండా పోతారేమోనని దాని బెంగ. మూడోదానికి బాణం ఎందుకు పెట్టలేదని అడిగితే, "అది దొరికినవాళ్లకే" అంది. నేను రెండు పేజీలు రాసి చెప్పలేనిది అది రెండు మాటల్లో చెప్పేసింది.

పెద్దవాళ్లం కూడా ఆ బాణాలు పెట్టేవాళ్లమే. పక్కన కూర్చుని "అక్కడ కొట్టు, అది కాదు, దాని పక్కది" అంటాం. ప్రతి లెవెల్ పటం, ప్రతి రహస్యం ఇప్పుడు ఫోన్‌లో దొరుకుతుంది. ముందే చూపించిన తీగ నాణేలు ఇస్తుందే కాని, 2-1లో ఆ చేతులు బటన్ల మీద ఆగిపోయిన క్షణాన్ని ఇవ్వదు.

ఆ రోజు మబ్బుల మీద నాణేలన్నీ ఏరుకుని దిగాక, అమ్మాయి ఆడే తీరు మారిపోయింది. 2-2 అంతా నీళ్లు, కొట్టడానికి ఇటుకలే లేవు. ఎలాగో దాన్నీ, ఆ తర్వాతి వంతెననూ, కోటనూ దాటింది. 3-1 వచ్చింది. రాత్రి వేళ, నల్లటి ఆకాశం. పుట్టగొడుగు తినని చిన్న మారియో కాబట్టి ఇటుకలు పగలవు, తల తగిలి పైకి లేచి మళ్లీ కూర్చుంటాయి. ఒక్కొక్కటే కొడుతోంది. గడియారం 100కు దిగింది, పాట పరుగందుకుంది. అయినా కొడుతూనే ఉంది. ఏ ఇటుకలో ఉందో నాకు తెలుసు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.