ఒక్క పాసుతో ఏడు దేశాలు చుట్టేయొచ్చా?

యూరప్ ట్రిప్పు ప్లాన్ చేసుకునే మనవాళ్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం: "యుగోస్లావియా విడిపోయి ఏడు దేశాలయింది. ఒకప్పుడు ఒకే దేశం కాబట్టి రైళ్లన్నీ కలిసే ఉంటాయి. యూరైల్ పాసు (చాలా యూరప్ దేశాల రైళ్లకు పనికొచ్చే ఒకే టికెట్), షెంగెన్ వీసా (ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమిది), జేబులో యూరోలు ఉంటే ఒంటరిగా పది రోజుల్లో ఏడూ చూసి రావచ్చు." ఇందులో మొదటి వాక్యం నిజం: స్లొవేనియా, క్రొయేషియా, బోస్నియా, సెర్బియా, మాంటెనీగ్రో, ఉత్తర మాసిడోనియా, కొసావో. మిగతావి చూద్దాం.

"రైళ్లన్నీ కలిసే ఉంటాయి": పట్టాలున్నాయి, బండ్లే లేవు. బెల్‌గ్రేడ్ (సెర్బియా రాజధాని)–జాగ్రెబ్ (క్రొయేషియా రాజధాని) అంటే యుగోస్లావియా కాలంలో ప్రధాన మార్గం. 2020లో కోవిడ్ వల్ల ఆగిన అక్కడి రైలు మళ్లీ మొదలవలేదు. బోస్నియా రాజధాని సరాయెవో నుంచి జాగ్రెబ్ బండిని 2016లోనే ఆపేశారు. బెల్‌గ్రేడ్ నుంచి సరాయెవోకి నేరుగా రైలే లేదు. దేశం విడిపోయినప్పటి యుద్ధం ఎప్పుడో ముగిసింది కదా అంటారేమో. కానీ ఉమ్మడి రైల్వే ముక్కలైంది; ఒక్క బోస్నియాలోనే రెండు రైల్వే కంపెనీలున్నాయి. సరిహద్దులో బండి ఆపి పాస్‌పోర్టులు చూసేలోపు బస్సు చాలా దూరం పోతుంది. ఇక రైలు ఎవరెక్కుతారు?

"షెంగెన్ వీసా చాలు": సగం నిజం, ఆ సగమే ప్రమాదం. స్లొవేనియా, 2023 నుంచి క్రొయేషియా షెంగెన్‌లో ఉన్నాయి. మిగతావి లేవు. చెల్లుబాటయ్యే షెంగెన్ వీసా ఉన్న భారతీయులను సెర్బియా విడిగా వీసా లేకుండా రానిస్తుంది. బోస్నియా, ఉత్తర మాసిడోనియా మాత్రం మల్టిపుల్ ఎంట్రీ (ఒకటికంటే ఎక్కువసార్లు లోపలికి రానిచ్చే) షెంగెన్ వీసా అడుగుతాయి. సింగిల్ ఎంట్రీతో జాగ్రెబ్ దాటి బయటికెళ్తే మళ్లీ షెంగెన్‌లోకి రాలేరు. మీ రిటర్న్ ఫ్లైట్ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఉంటే ఇక ఆ టెన్షన్ చెప్పనక్కర్లేదు. జర్మనీలో చదువుకుంటూ రెసిడెన్స్ పర్మిట్ ఉన్న మన పిల్లలకు ఈ చిక్కు లేదు. బహుశా వాళ్లలో ఎవరి అనుభవమో అందరి రూలుగా మారి ఇలా తిరుగుతోంది.

కొసావో సంగతి వేరే. 2008లో స్వతంత్రం ప్రకటించుకుంది, భారత్ ఇంకా గుర్తించలేదు. సెర్బియా దృష్టిలో అది ఇప్పటికీ తన భూభాగమే. అందుకని వేరే దేశం నుంచి కొసావోలోకి వెళ్లి, అక్కణ్ణుంచి సెర్బియాలోకి వద్దామంటే సరిహద్దులో వెనక్కి పంపేస్తారు. పైగా యూరైల్ పాసు అక్కడ చెల్లదు.

"జేబులో యూరోలు": సెర్బియాలో దీనార్, ఉత్తర మాసిడోనియాలో దెనార్, బోస్నియాలో మార్క్.

యూరైల్ పాసు కొసావో తప్ప మిగతా ఆరు దేశాల్లో చెల్లుతుంది, కానీ దండగ. ఇక్కడ టికెట్లు చవక, బండ్లు తక్కువ. ఏ రోజుకారోజు కొనుక్కోవడమే నయం.

నాకు అసలు కోపం తెప్పించింది ఇంకొకటి. ఈ ప్రాంతానికి రైలు కోసమే వెళ్లాల్సిన మార్గం బెల్‌గ్రేడ్ నుంచి మాంటెనీగ్రో తీరంలోని బార్ ఊరికి వెళ్లే బెల్‌గ్రేడ్–బార్ లైను. దాని పేరే ఆ మెసేజ్‌లో లేదు! 1976లో ప్రారంభమైన 476 కిలోమీటర్ల లైను, 254 సొరంగాలు. మాంటెనీగ్రోలో కొలాషిన్ దగ్గర వెయ్యి మీటర్ల ఎత్తుకెక్కి, అక్కణ్ణుంచి కొండ అంచుల వెంట ఏడ్రియాటిక్ సముద్రం దాకా దిగుతుంది. దారిలో మాలా రియెకా వంతెన ఎత్తు 198 మీటర్లు. 2001 దాకా ప్రపంచంలో అంతకంటే ఎత్తైన రైలు వంతెన లేదు. కట్టినప్పుడు అంతా ఒకే దేశం కాబట్టి లైను కాస్త దూరం బోస్నియా మూలలోంచి కూడా పోతుంది. ఏడు స్టాంపుల కోసం పరిగెత్తేవాళ్లు దీన్ని రాత్రి బండిలో నిద్రపోతూ దాటేస్తారు. పగటి బండి వేసవిలోనే ఉంటుంది, తేదీలు చూసుకోవాలి.

"ఒంటరిగా": ఇది మాత్రం నిక్షేపంగా వెళ్లొచ్చు. బోస్నియా కొండల్లో మందుపాతరలు ఇంకా ఉన్నాయి కాబట్టి బాట వదిలి నడవకండి. బెల్‌గ్రేడ్ పాత స్టేషన్ 2018లో మూసేశారు. ట్యాక్సీవాడికి కొత్త స్టేషన్ పేరు ప్రోకోప్ అని చెప్పండి.

పది రోజులే ఉంటే బార్ లైను ఒకటి, నెరెత్వా నది లోయలో సాగే సరాయెవో–మోస్తార్ రైలు ఒకటి చూడండి. మధ్యలో బస్సే దిక్కు. డిక్కీలో పెట్టే బ్యాగుకు విడిగా డబ్బులడుగుతారు, చిల్లర దగ్గర పెట్టుకోండి.