పీసీఓఎస్‌లో మొదటి మాత్ర లెట్రోజోలే ఎందుకు కావాలి

పీసీఓఎస్‌తో (హార్మోన్ల తేడా వల్ల అండం సరిగా విడుదల కాని సమస్య) నెలసరి తప్పిపోతూ, పిల్లల కోసం వచ్చిన స్త్రీకి మొదట ఏ మందు రాయాలి? దశాబ్దాల పాటు దీనికి జవాబు క్లోమిఫీన్, అండం విడుదలయ్యేలా చేసే మాత్ర. 2014లో అమెరికాలో 750 మందిపై జరిగిన ట్రయల్ ఆ జవాబును మార్చింది. ఐదు నెలసరుల వరకు వాడి చూస్తే, అదే పనికి వాడే లెట్రోజోల్ తీసుకున్నవారిలో 27.5 శాతం మందికి బిడ్డ పుట్టింది. క్లోమిఫీన్‌తో 19.1 శాతం. బరువు ఎక్కువున్నవారిలో తేడా మరీ స్పష్టం. 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలూ లెట్రోజోల్‌నే ముందుంచాయి. అయినా మన దగ్గర క్లోమిఫీన్ చీటీలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

తేడా ఎక్కడుంది? క్లోమిఫీన్ మెదడులో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలను మూసేస్తుంది. గర్భాశయంలోనూ అదే పని చేస్తుంది, పైగా వారాల తరబడి ఒంట్లో ఉండిపోతుంది. అందుకే కొందరిలో ఫాలికల్ (అండం పెరిగే నీటి సంచి) చక్కగా పెరిగినా గర్భాశయం లోపలి పొర పలచగా ఉండిపోతుంది. లెట్రోజోల్ అలా కాదు. ఈస్ట్రోజెన్ తయారీని కొన్నాళ్లు తగ్గించి, అండం విడుదలయ్యే వేళకు చాలావరకు ఒంట్లోంచి వెళ్లిపోతుంది.

లెట్రోజోల్ రొమ్ము క్యాన్సర్‌కూ వాడే మందు కాబట్టి, పెట్టెలోని కాగితంలో ఆ పేరు చదివి కంగారుపడేవాళ్లున్నారు. ఈ మందుపై భయానికి చరిత్ర కూడా ఉంది: 2011లో మన కేంద్ర ప్రభుత్వం సంతాన చికిత్సలో దీని వాడకాన్ని నిషేధించింది, 2017లో ఎత్తేసింది. ఈలోగా డాక్టర్ల చేయి పాత మందుకే అలవాటుపడింది. నిజానికి 911 మంది శిశువులను పరిశీలించిన 2006 నాటి అధ్యయనంలో లెట్రోజోల్ వల్ల పుట్టుక లోపాలు పెరిగినట్టు తేలలేదు. కాకపోతే గర్భం వచ్చాక మాత్రం మింగకూడదు. అందుకే ప్రతి కోర్సుకు ముందు గర్భ పరీక్ష తప్పనిసరి.

లెట్రోజోల్ మోతాదు: నెలసరి రెండో లేదా మూడో రోజు నుంచి 5 రోజులు, రోజుకు 2.5 మిల్లీగ్రాములు. స్పందన లేకపోతే తర్వాతి కోర్సులో 5, ఆపై 7.5. పదో రోజు దాటాక ఫాలిక్యులర్ స్టడీ (ఫాలికల్ ఎదుగుదలను చూసే స్కానింగ్) మొదలుపెట్టి, ఫాలికల్ 18–20 మిల్లీమీటర్లకు వచ్చేదాకా చూడాలి. ఎక్కువగా దెబ్బతినేది ఆ తర్వాత, అండం విడుదలైందో లేదో రక్తంలో ప్రొజెస్టెరాన్ హార్మోన్‌ను బట్టి తేల్చేటప్పుడు. 20వ రోజున అండం విడుదలైన స్త్రీకి 21వ రోజున ప్రొజెస్టెరాన్ పరీక్ష చేస్తే తక్కువే చూపిస్తుంది. ‘మందు పనిచేయలేదు’ అని డోసు పెంచేస్తారు. ఆ రక్తపరీక్ష అండం విడుదలైన వారానికి చేయాలి, క్యాలెండర్‌లో 21 చూసి కాదు.

షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఇచ్చి నెలల తరబడి ఎదురుచూడటం సమయం పోగొట్టుకోవడమే. 2007 నాటి 626 మంది ట్రయల్‌లో దానితో బిడ్డ పుట్టింది 7.2 శాతం మందికే, క్లోమిఫీన్‌తో 22.5 శాతానికి. షుగర్ ముప్పు ఉన్నవారికి అది కావాలి, అది వేరే సంగతి.

ఫాలికల్స్‌ను పెంచే హార్మోన్ ఇంజెక్షన్లు మాత్రలకు లొంగనివారికే. 37.5 లేదా 75 యూనిట్లతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి. మూడు, అంతకంటే ఎక్కువ ఫాలికల్స్ పెద్దవైతే ఆ నెల వదిలేయడమే మంచిది. లేకపోతే ముగ్గురు, నలుగురు పిల్లల గర్భం, అండాశయాలు ఉబ్బి కడుపులో నీరు చేరడం వంటి ప్రమాదాలుంటాయి.

ఇక భర్త వీర్య పరీక్ష మొదటి మాత్రకు ముందే జరగాలి. అండం సక్రమంగా విడుదలవుతున్నా ఆరు నెలసరుల్లో గర్భం రాకపోతే డోసు పెంచి లాభం లేదు, అండం ప్రయాణించే ఫెలోపియన్ ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూడాలి.